చీనీ తోటకు సొంతంగా చిన్న ట్రాక్టర్: ఆయిల్ ఇంజను, జీపు యాక్సిల్ కలిపి కట్టాలంటే

తమ్ముడూ, నీ ప్రశ్న పూర్తిగా చదివాను. అనంతపురం దగ్గర ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట. కరెంటు మోటారు వచ్చాక మూలపడిన ఐదు హెచ్‌పీ కిర్లోస్కర్ ఆయిల్ ఇంజను ఒకటి ఉంది, స్క్రాపులో కొన్న ఏప్ డీజిల్ ఆటో గేర్‌బాక్సు ఒకటి, పాత మహీంద్రా జీపు వెనక యాక్సిల్ ఒకటి. ఈ మూడూ కలిపి చెట్ల మధ్య కలుపు తీసే బండి కట్టొచ్చా, ఐదు హెచ్‌పీ చాలుతుందా, ఆటో గేర్‌బాక్సుకూ జీపు యాక్సిల్‌కూ జాయింట్ ఎలా వేయాలి అని అడిగావు. కట్టొచ్చు. ఇంజను చాలుతుంది. ఆటో గేర్‌బాక్సు మాత్రం అమ్మేసెయ్. ఎందుకో చెబుతాను, కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదువు. ఇలాంటి బండ్లు కట్టేవాళ్లు చాలామంది ఇంజను దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం దాకా వచ్చేసరికి ఇరుక్కుపోతారు. మొదలుపెట్టాల్సింది చక్రం దగ్గర.

తోటలో గుంటకో ఐదు పళ్ల గొర్రో లాగాలంటే బండి గంటకు 3 కిలోమీటర్లు నడవాలి, అంతకంటే వేగంగా పోతే పక్కనున్న పాదు గట్లు తెగుతాయి, డ్రిప్ పైపులు కూడా మిగలవు. గంటకు 3 కిలోమీటర్లంటే నిమిషానికి 50 మీటర్లు. జీపు చక్రం 6.00-16 టైరు వేస్తే అడ్డకొలత దాదాపు 72 సెంటీమీటర్లు, ఒక చుట్టుకు 2.26 మీటర్లు పోతుంది. అంటే చక్రం నిమిషానికి 22 సార్లు తిరిగితే చాలు. నీ ఇంజను నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. 1500ను 22తో భాగిస్తే 68. ఇంజనుకూ చక్రానికీ మధ్య మొత్తం 68కి 1 తగ్గింపు ఉండాలి, నీ బండి మొత్తానికీ ముఖ్యమైన అంకె ఇదే. ఏ గేర్‌బాక్సు, ఏ పుల్లీ అన్నది దీన్నిబట్టే తేలుతుంది.

ఇప్పుడు నీ యాక్సిల్‌లో ఎంత తగ్గింపు ఉందో చూసుకో. పాత జీపుల్లో ఎక్కువగా 5.38 ఉంటుంది, 4.88 కూడా కనిపిస్తుంది, అమ్మినవాడి మాట నమ్మి లెక్క వేయొద్దు. యాక్సిల్‌ను స్టాండ్ల మీద పెట్టు, ఒక చక్రం కదలకుండా గొలుసుతో కట్టెయ్, పినియన్ ఫ్లాంజి (యాక్సిల్‌లోకి బలం వెళ్లే షాఫ్టు చివరి బిళ్ల) మీద సుద్దతో గీత గియ్యి, రెండో చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పు. ఆ రెండు చుట్లకు పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నీ తగ్గింపు. ఒక్క చుట్టే తిప్పి లెక్కేస్తే సగం వస్తుంది, ఎందుకంటే ఒక చక్రం ఆగి ఉంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ల అమరిక) రెండో చక్రాన్ని రెట్టింపు వేగంతో తిప్పుతుంది. చాలా షెడ్లలో ఈ లెక్క ఇక్కడే తప్పుతుంది, తర్వాత బండి అనుకున్నదాంట్లో సగం వేగంతోనే నడుస్తుంది. అలాగే తిప్పేటప్పుడు చెయ్యి ఆపి ముందుకూ వెనక్కూ కదిపి చూడు, క్రౌన్‌కూ (పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం) పినియన్‌కూ మధ్య ఆట, అంటే ఖాళీ కదలిక, ఎక్కువగా ఉంటే ముందే షిమ్ (పల్చటి రేకు) వేయించుకో, బండి కట్టాక విప్పడం పెద్ద పని.

ఆటో గేర్‌బాక్సు ఎందుకు వద్దంటే, అది విడి గేర్‌బాక్సు కాదు, డిఫరెన్షియల్ కూడా దాని కడుపులోనే ఉంటుంది. అందులోంచి రెండు పక్కలా రెండు షాఫ్టులు బయటికొస్తాయి. వాటిలో ఒకదాన్ని తెచ్చి జీపు పినియన్‌కు తగిలిస్తే రెండోది ఖాళీగా గిర్రున తిరుగుతుంది తప్ప బండి కదలదు. కదలాలంటే లోపలి డిఫరెన్షియల్ పళ్లను వెల్డింగ్ చేసి బిగించేయాలి, గేర్‌బాక్సును అడ్డంగా కాకుండా నిలువుగా తిప్పి కూర్చోబెట్టాలి. అంతా చేసినా ఇంకో చిక్కు ఉంది. ఆటో ఇంజను 3000కు పైన తిరిగి తన బలం ఇస్తుంది, నీ ఆయిల్ ఇంజను 1500లో ఇస్తుంది. సగం వేగంలో అంతే హెచ్‌పీ వస్తోందంటే మెలితిప్పే బలం రెట్టింపు ఉన్నట్టు. పైగా ఒక్క సిలిండరు, బరువైన ఫ్లైవీలు, ప్రతి పేలుడుకూ షాఫ్టు మీద దెబ్బ పడుతుంది. ఆటోకు చేసిన పళ్లు అదే పనిగా గొర్రు లాగుతూ ఆ దెబ్బలకు నిలబడవు.

నువ్వు వెతకాల్సింది జీపు గేర్‌బాక్సు, దాంతోపాటే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే గేర్‌బాక్సు వెనకుండి బలాన్ని యాక్సిళ్లకు పంపే పెట్టె. రెండూ కలిసి ఉన్నదే తెచ్చుకో. పాత మూడు గేర్ల జీపు బాక్సు, టీ-90 అంటారు, ఒకటో గేరు 2.8, రెండోది 1.55, మూడోది నేరుగా. దాని వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజి (నెమ్మది నడక) 2.46. ఇవన్నీ గుణించు: 2.8 ఇంటూ 2.46 ఇంటూ 5.38, దాదాపు 37. మనకు కావల్సింది 68. మిగతాది బెల్టులో తెచ్చుకోవాలి. ఇంజను మీద 5 అంగుళాల పుల్లీ, బాక్సు వైపు 9 అంగుళాల పుల్లీ వేస్తే 1.8 వస్తుంది, మొత్తం 66 దాటుతుంది. లో రేంజిలో ఒకటో గేరుకు గంటకు 3 కిలోమీటర్లు, రెండో గేరుకు ఐదున్నర, మూడో గేరుకు ఎనిమిదిన్నర. కలుపుకు ఒకటి, మందు కొట్టడానికి అవసరాన్నిబట్టి ఒకటో రెండో, తోటలోంచి ఇంటికి రావడానికి మూడు. ఇంతకంటే ఏం కావాలి? హై రేంజిలో మూడో గేరు వేస్తే 21 కిలోమీటర్లు పోతుంది. ఆ రేంజి పడకుండా లివరు దగ్గర ఒక బోల్టు అడ్డం పెట్టి మూసెయ్. సొంతంగా కట్టిన స్టీరింగుతో, ఇంత ఎత్తున్న ఇంజనుతో ఆ వేగంలో మలుపు తిప్పితే బండి బోల్తా పడుతుంది.

ఐదు హెచ్‌పీ చాలదేమోనని టెన్షన్ పడుతున్నావు కదా, అది కూడా లెక్కలోనే తేలిపోతుంది. గేర్లలో, బెల్టులో పోయేది తీసేసినా ఒకటో గేరులో చక్రాల దగ్గర 350 కిలోల లాగుడు వస్తుంది. వెనక చక్రాల మీద 400 కిలోల బరువుంటే గుల్ల నేలలో టైరు పట్టు 200 కిలోలకు అటూ ఇటూ. అంటే ఇంజను ఆగిపోయే లోపు చక్రమే జారుతుంది. నీకు తక్కువయ్యేది బరువే గానీ బలం కాదు. పైగా చీనీ చెట్టుకు తిండి తీసుకునే వేర్లు పైపైనే ఉంటాయి, లోతుగా దున్నితే చెట్టుకే నష్టం, రెండు మూడు అంగుళాలు గీరితే చాలు. ఇంత తేలిక పనికి ఐదు హెచ్‌పీ ధారాళంగా సరిపోతుంది. 1994లో గుజరాత్ అమ్రేలీ జిల్లాలో మన్‌సుఖ్‌భాయ్ జగాని అనే ఆయన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ వెనక చక్రం తీసేసి, రెండు చక్రాల అమరిక పెట్టి, దానికి గొర్రూ గుంటకా తగిలించి పొలం దున్నించాడు. బుల్లెట్ సాంతీ అంటారు దాన్ని. సౌరాష్ట్ర మెట్ట రైతులు దాన్ని వాడుకున్నది కూడా ఇలాంటి తేలిక పనులకే. రోటావేటర్ (తిరిగే కత్తులతో నేలను గుల్ల చేసే పరికరం) ఆలోచన మాత్రం మానుకో, దానికి ఈ ఇంజను చాలదు.

ఇక అసలు కష్టమైన చోటు, బెల్టు నుంచి జీపు బాక్సులోకి వెళ్లే దగ్గర. జీపులో గేర్‌బాక్సు ముందు షాఫ్టు ఒక చివర బాక్సు బేరింగులో ఉంటే, రెండో చివర ఇంజను ఫ్లైవీలు మధ్యలోని పైలట్ బుష్‌లో కూర్చుంటుంది. నువ్వు ఇంజను తీసేశావు, అంటే ఆ చివరకు ఆధారం లేదు. ఆ షాఫ్టు మీదే నేరుగా పుల్లీ బిగిస్తే బెల్టు లాగుడుకు షాఫ్టు పక్కకు వంగుతుంది, ముందు బేరింగు పోతుంది, తర్వాత పళ్లు పోతాయి. అలా చేయొద్దు. 40 మిల్లీమీటర్ల షాఫ్టు ఒకటి లేత్ మీద తీయించు, దాన్ని రెండు ప్లమ్మర్ బ్లాకుల్లో (బేరింగు ఉన్న దిమ్మలు) కూర్చోబెట్టి 9 అంగుళాల పుల్లీని ఆ రెంటి మధ్య బిగించు. షాఫ్టు చివర జీపు ఫ్లైవీలు పట్టేలా ఫ్లాంజి, దాని మధ్యలో పైలట్ బుష్ పెట్టించు. అప్పుడు జీపు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బెల్ హౌసింగ్ అన్నీ యథాతథంగా వాడుకోవచ్చు, కాలి కింద క్లచ్ కూడా వస్తుంది. ఫ్లైవీలు తిప్పుతూ డయల్ గేజి పెట్టి చూడు, బెల్ హౌసింగ్ రంధ్రానికీ షాఫ్టుకూ మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదు. వర్క్‌షాపులో ఆ గేజి లేకపోతే ఇంకో వర్క్‌షాపుకు వెళ్లు. బండి మొత్తంలో మంచి లేత్ పనివాడికి డబ్బు పెట్టాల్సింది ఈ ఒక్క షాఫ్టు మీదే.

బెల్టులు బీ సైజువి మూడు, ఒకే సెట్టువి కొను. ఒకటి కొత్తది రెండు పాతవి వేస్తే లాగుడంతా కొత్తదాని మీదే పడుతుంది. ఇంజనును రబ్బరు మీద కూర్చోబెట్టాలని అనిపిస్తుంది, అదురు తగ్గుతుందని. వద్దు, ఇంజను ఊగితే బెల్టు బిగువు పోతుంది. చానల్ మీద నేరుగా బిగించు, సీటు కింద రబ్బరు వేసుకో. బిగువు సర్దడానికి ఇంజను బోల్టుల రంధ్రాలను పొడుగ్గా కోయించు.

తిరిగే దిక్కు ఇప్పుడే చూసుకో, చానల్‌కు రంధ్రాలు వేయకముందే. బండి ముందు నిలబడి చూస్తే జీపు గేర్‌బాక్సు షాఫ్టు గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి. బెల్టు దిక్కు మార్చదు, ఇంజను ఎటు తిరిగితే బాక్సూ అటే. ఇంజను ఎదురు తిరిగితే నీకు వెనక్కి మూడు గేర్లు, ముందుకు ఒక్కటే వస్తాయి. దీనికి కొందరు యాక్సిల్‌ను తలకిందులు చేస్తారు, అప్పుడు పినియన్ ఎత్తు మారి నూనె అందక బేరింగులు కాలిపోతాయి. ఇంజనునే ముందుది వెనక్కి వచ్చేలా తిప్పి పెట్టుకుంటే సరిపోతుంది, కాకపోతే హ్యాండిల్ కొట్టే చోటు, ఫ్లైవీలు వచ్చే చోటు మారతాయి కాబట్టి నేల మీద ముక్కలన్నీ పరిచి, సుద్దతో ఫ్రేము గీసుకుని చూడు.

ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి యాక్సిల్‌కు వెళ్లే షాఫ్టు ఈ బండిలో పొట్టిగా వస్తుంది, కోసి అతికించాలి. అతికేటప్పుడు రెండు చివరల యోకులు (క్రాసును పట్టుకునే చీలిక ముక్కలు) ఒకే తలంలో ఉండాలి, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా ఉంటే చక్రం కుదుపులతో తిరుగుతుంది, క్రాసులు తరచూ పోతాయి. పాత జీపుల్లో వెనక డిఫరెన్షియల్ గుండు మధ్యలో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసుకు సరిపడేలా ఒక పక్కకు జరిగి ఉంటుంది. బాక్సును ఫ్రేము నడుమ పెట్టాలనే తాపత్రయం వద్దు, షాఫ్టు సూటిగా పోయేలా బాక్సును కూడా పక్కకు జరుపు.

ఫ్రేముకు నాలుగంగుళాల చానల్ చాలు. ముందు వెనక చక్రాల మధ్య దూరం నాలుగున్నర అడుగులకు తగ్గించకు. యాక్సిల్‌ను యూ బోల్టులతో పట్టించు, గొట్టానికి వెల్డింగ్ పెడితే వేడికి వంగుతుంది. వెల్డింగ్ పని ఎక్కడ చేసినా ఎర్త్ క్లాంపు ఆ అతుకు పక్కనే తగిలించు, చక్రం దగ్గర తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి గుండ్లు పాడవుతాయి. ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగాలి, బిగించి పెడితే గట్టు ఎక్కినప్పుడు ఒక చక్రం గాల్లో ఉంటుంది. స్టీరింగ్ బాక్సు జీపుదే వాడు.

ఇంజను గురించి రెండు సంగతులు. ఇది పంపుసెట్టు ఇంజను, దాన్ని చల్లబరిచింది అప్పట్లో పంపు తోడిన నీళ్లే. బండి మీద పంపు లేదు కాబట్టి రేడియేటరు, ఫ్యాను, చిన్న వాటర్ పంపు నువ్వే పెట్టాలి, కారు రేడియేటరు సరిపోతుంది. చెత్త అడ్డం పడకుండా ముందు జాలీ వెయ్యి, తోటలో ఎండుటాకులు విపరీతంగా వచ్చి అతుక్కుంటాయి. రెండోది, గవర్నరు (ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే భాగం) స్ప్రింగు బిగించి 1500 కంటే ఎక్కువ తిప్పించాలని ఎవరైనా చెబితే వినకు. ఆ ఫ్లైవీలు పోత ఇనుము, దాని వేగం దాటించి తిప్పితే పగిలే ప్రమాదముంది, అది నీ మోకాలి పక్కనే తిరుగుతుంది. వేగం తగ్గించడానికి మాత్రం గవర్నరుకు చేతి లివరు పెట్టుకో. ఫ్లైవీలుకూ బెల్టులకూ రేకు కవరు వేయకుండా బండి షెడ్డులోంచి బయటికి రాకూడదు. పంచె, తువ్వాలు, చీర కొంగు, ఏదైనా ఒక్క క్షణంలో చుట్టుకుంటుంది. పొగ గొట్టాన్ని పైకి పెట్టకు, చీనీ కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, ఆకు మాడిపోతుంది. పక్కకు తిప్పి కిందికి వదులు, చివర నిప్పురవ్వలు రాకుండా జాలీ పెట్టు.

గొర్రు కట్టే కొక్కెం సంగతి బాగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే. కొక్కెం వెనక యాక్సిల్ మధ్య గీత కంటే కిందే ఉండాలి, ఎంత వీలైతే అంత కింద. పైన కట్టి లాగితే, గొర్రు వేరుకో బండకో తగిలిన క్షణంలో ముందు చక్రాలు లేచి బండి వెనక్కి పడుతుంది, క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు. ఫ్రేముకు సీటు వెనక గట్టి పైపుతో ఒక ఆర్చి పెట్టించు, కొమ్మలకు తగులుతుందనుకుంటే మడిచేలా చేయించు, కానీ మానకు. కట్టడం అయ్యాక కాటా దగ్గరికి ట్రాలీ మీద తీసుకెళ్లి ముందు చక్రాలు వేరుగా, వెనక చక్రాలు వేరుగా తూకం వేయించు. మొత్తం బరువులో మూడో వంతుకు పైగా ముందు ఉండాలి. ఇంజను ముందుంటే అది దానంతట అదే వస్తుంది, అప్పుడు వెనకే తక్కువ పడుతుంది, చక్రాలకు ఇనుప దిమ్మలు బిగించుకోవచ్చు.

బ్రేకులు జీపువే ఉన్నాయి, డ్రమ్ములు విప్పి కొత్త లైనర్లు, వీల్ సిలిండర్లకు కొత్త వాషర్లు వేయించు. వీలైతే రెండు మాస్టర్ సిలిండర్లు పెట్టి ఎడమకో పెడలు, కుడికో పెడలు చేయించు, చెట్టు చుట్టూ తిప్పేటప్పుడు లోపలి చక్రాన్ని పట్టి ఉంచితే చిన్న జాగాలో మలుపు వస్తుంది. గొర్రు ఎత్తడానికి హైడ్రాలిక్ కోసం ఇప్పుడే ఖర్చు పెట్టకు, స్ప్రింగు ఆసరా ఉన్న చేతి లివరుతో మొదలుపెట్టు. ఇంజను పుల్లీకి ఇంకో గాడి కోయించి ఉంచుకో, మందు కొట్టే హెచ్‌టీపీ పంపు దానికి తగిలించొచ్చు, చీనీ తోటకు అదే ఎక్కువ ఉపయోగం.

కొనేటప్పుడు బిల్లు తీసుకో. విజయవాడ ఆటోనగర్‌లో అయినా మీ ఊరి స్క్రాపు కొట్లో అయినా, బిల్లు లేని జీపు ముక్కలు, ముఖ్యంగా ఛాసిస్ నంబరు ఉన్న ముక్కలు ఇంటికి తేకు. ఈ బండి తోట వరకే. రోడ్డెక్కాలంటే రిజిస్ట్రేషను ఉండాలి, సొంతంగా కట్టినదానికి టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కు అధికారిక ఆమోదం) ఉండదు కాబట్టి రిజిస్ట్రేషనూ రాదు, ఇన్సూరెన్సూ రాదు. తోటకూ ఇంటికీ మధ్య పెద్ద రోడ్డు దాటాల్సి ఉంటే బండిని తోటలోనే షెడ్డు వేసి ఉంచుకో.

ఇంకో మాట సూటిగా చెబుతాను. నీ దగ్గర ఇంజనూ యాక్సిలూ ఉన్నాయి కాబట్టి కట్టమంటున్నాను. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, లేత్ పని, టైర్లు, రేడియేటరు అన్నిటికీ ధరలు రాసుకుని కూడు. ఆ మొత్తం పాత పవర్ టిల్లరు ధరకు దగ్గరగా వస్తే టిల్లరే కొనుక్కో, దాని గేర్లన్నీ ఈ పనికోసమే చేసినవి, రోటావేటరు కూడా దాంతోనే వస్తుంది. కొత్తది కొనగలిగితే తోటల కోసమే 2021లో వచ్చిన స్వరాజ్ కోడ్ లాంటి 11 హెచ్‌పీ బండ్లు కూడా ఉన్నాయి, ఒకసారి చూసిరా. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, మీకు దగ్గరే. గొర్రు కోణం, లోతు సర్దడం, కొక్కెం ఎత్తు లాంటివి అక్కడ అడిగి తెలుసుకో.

బండి మొదటిసారి నడిపేటప్పుడు గొర్రు లేకుండా ఒక పూట తిప్పు, గంటకోసారి ఆపి బాక్సు మీద, యాక్సిల్ గుండు మీద, ప్లమ్మర్ బ్లాకుల మీద చెయ్యి పెట్టి చూడు. చెయ్యి ఉంచలేనంత వేడి ఏ ఒక్కటి ఎక్కినా అక్కడ విప్పి చూడాల్సిందే. యూ బోల్టులన్నీ మళ్లీ బిగించు, గేర్ ఆయిలు మొదటి వారంలోనే మార్చెయ్, పాత బాక్సుల్లో అడుగున ఇనుప రజను ఉంటుంది. ముందు మాత్రం ఆ యాక్సిల్ చుట్లు లెక్కపెట్టి, టైరు అడ్డకొలత, ఇంజను నేమ్‌ప్లేటు మీదున్న ఆర్‌పీఎం రాసి పంపు, 5.38 కాకుండా 4.88 వస్తే 9 అంగుళాల పుల్లీ బదులు 10 అంగుళాలది వేయాల్సి ఉంటుంది.